మెథోట్రెక్సేట్ వాడినట్టు కాగితమేదీ?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 31 ఏళ్ళు. 2021లో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు వేళ్ళ కీళ్ళు వాచి, పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడవలేని పరిస్థితి వచ్చింది. పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఫాలిట్రాక్స్ 15, హెచ్‌సీక్యూఎస్, ఆ తరవాత సాజ్ వాడాను. ఫాలిట్రాక్స్‌తో ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష) బాగా పెరిగితే డాక్టర్ గారు ఆపేశారు. సాజ్‌తో ఒళ్ళంతా దద్దుర్లు. పెళ్ళయ్యాక హెచ్-4 డిపెండెంట్ వీసా మీద డాలస్ వచ్చాను. ఇన్సూరెన్స్ మావారి కంపెనీది. ఇక్కడి రుమటాలజిస్ట్ హ్యుమిరా ఇంజెక్షన్ రాశారు. ఫార్మసీలో ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళ ముందస్తు అనుమతి, కావాలన్నారు. డాక్టర్ ఆఫీసు వాళ్ళు పంపారు, పన్నెండు రోజులకి కుదరదంటూ డినయల్ లెటర్ వచ్చింది. ఐదు పేజీలు, సగం అర్థం కాలేదు. ఫోటోలు తీసి పంపుతున్నాను. అప్పీల్ చెయ్యడం టైమ్ వేస్ట్ అంటున్నారు మావారు. ఇంజెక్షన్లు ఇండియా నుంచి నేను పంపిస్తానంటోంది అమ్మ. అప్పీల్ చేస్తే వీసాకి ఏమైనా ఇబ్బందా? పిల్లల కోసం కూడా అనుకుంటున్నాం, ఈలోపు నొప్పి కాస్త తగ్గితే చాలనిపిస్తోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
(పేరు వద్దు, డాలస్)

సమాధానం: ముందు ఆ లెటర్ రెండో పేజీ తియ్యండి. మొదటి పేజీ నిండా చిరునామా, మెంబర్ నంబరు, ‘ఆమోదించలేకపోతున్నాం’ అనే మర్యాద. చివరి రెండు పేజీలు చట్టప్రకారం పెట్టి తీరాల్సిన అప్పీల్ వివరాలు. అసలు సంగతి రెండో పేజీ మధ్యలో రెండు వాక్యాల్లో ఉంది. మీ ప్లాన్ మందుల జాబితాలో హ్యుమిరా లేదు, దాని బయోసిమిలర్లు (అదే మందుకు వేరే కంపెనీల రూపాలు) ఉన్నాయి అన్నది మొదటి వాక్యం. మెథోట్రెక్సేట్ కనీసం 3 నెలలు వాడినా గుణం ఇవ్వలేదనో, ఒంటికి పడలేదనో చూపే ఆధారం మాకు అందలేదు అన్నది రెండోది.

‘అందలేదు’ అన్నారు, గమనించారా? మీకు జబ్బు లేదనలేదు. ఈ మందు అక్కర్లేదనలేదు. కాగితం లేదన్నారు, అంతే.

నేను తొమ్మిదేళ్ళు ఒక స్పెషలిస్ట్ క్లినిక్‌లో ఈ పనే చేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫారాలు, ఫ్యాక్సులు, ఫోన్‌లో హోల్డ్ మ్యూజిక్. అవతల కూర్చున్న నర్సుకో ఫార్మసిస్టుకో మీ వేళ్ళ వాపు కనపడదు. పచ్చడి సీసా మూత తియ్యలేక మీరు పడే అవస్థ తెలియదు. వాళ్ళ ఎదురుగా ఒక ప్రశ్నల పట్టీ, పక్కన మీ ఫారం. ప్రశ్నకు ఫారంలో జవాబు దొరికితే టిక్కు, లేకపోతే డినయల్. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ మీద నాకు కోపం పోయి చాలాకాలమైంది. ఏ గడి ఖాళీగా వెళ్ళిందో వెతకడం మాత్రం మానలేదు.

మీ విషయంలో ఖాళీగా వెళ్ళింది ‘ఇంతకుముందు వాడిన మందులు’ అనే గడి అని నా అనుమానం. లేదా అక్కడ ‘ఇండియాలో మాత్రలు వాడారు’ అని ఒక్క ముక్క రాసి ఉంటారు. డాక్టర్ ఆఫీసు వాళ్ళని తప్పు పట్టలేం. మొదటి రోజు మీరు వాళ్ళకి ఫాలిట్రాక్స్, సాజ్ అని చెప్పి ఉంటారు. ఆ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. ఫాలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేటే. సాజ్ అంటే సల్ఫాసలజీన్, హెచ్‌సీక్యూఎస్ అంటే హైడ్రాక్సీక్లోరోక్విన్. మీ ఇన్సూరెన్స్ అడిగిన మందు మీరు ఎప్పుడో వాడేశారు, వేరే పేరుతో! అలాగే మనం ఎస్‌జీపీటీ అనే పరీక్షని ఇక్కడ ఏఎల్‌టీ అంటారు, ఎస్‌జీఓటీని ఏఎస్‌టీ అంటారు. ఇండియా నుంచి వచ్చిన పేషెంట్ల ఫైళ్ళలో ఈ పేర్ల తికమక వల్లే ఆగిపోయినవి నేను చాలా చూశాను.

కాబట్టి అమ్మగారు ఇండియా నుంచి పంపాల్సింది ఇంజెక్షన్లు కాదు, మీ ఫైలు. బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండే ఉంటుంది, రిపోర్టులు, చీటీలు, మందుల షాపు బిల్లులు అన్నీ కుక్కి. అందులో ప్రతి కాగితం తేదీ కనపడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. ఎక్స్‌రేలు కూడా. ‘బిల్లులెందుకే’ అని వాటిని పక్కన పెడతారేమో, వద్దని చెప్పండి. మెథోట్రెక్సేట్ ఎన్ని నెలలు వాడారో చెప్పడానికి ప్రిస్క్రిప్షన్ కన్నా బిల్లులే గట్టి సాక్ష్యం. నెలనెలా కొన్న తేదీలు వరసగా కనపడతాయి. యాప్‌లో ఆర్డర్ చేసి ఉంటే పాత ఆర్డర్ల జాబితా ఇంకా అందులోనే ఉంటుంది, ఇక్కడి నుంచే దించుకోవచ్చు. పెద్ద ఆసుపత్రిలో చూపించుకున్నట్టయితే రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి మెడికల్ రికార్డ్స్ వాళ్ళని అడగమనండి.

వీలైతే హైదరాబాద్ డాక్టర్ గారి దగ్గర లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ ఉత్తరం తెప్పించండి. జబ్బు పేరు, మందు జెనరిక్ పేరు, వారానికి ఎన్ని మిల్లీగ్రాములు, ఏ నెలలో మొదలైంది, ఏ నెలలో ఆగింది, ఎందుకు ఆపారు, అప్పటి ఏఎల్‌టీ ఎంత. అడుగున సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. ‘ఈమె నా పేషెంట్, ఆర్థరైటిస్‌కు చికిత్స తీసుకున్నారు’ అని ఊరికే రాసిచ్చే సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు. పైన చెప్పినవన్నీ మీరే టైప్ చేసి పంపితే ఆయనకీ సులువు. అంత పెద్ద ఓపీలో కూర్చుని మీ కోసం కంపోజ్ చేసే తీరిక ఏ డాక్టరుకీ ఉండదు.

ఇక మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఉత్తరం చివర, నొప్పి గురించి చెబుతూ, దారిన పోయే మాటలా అనేశారు: పిల్లల కోసం అనుకుంటున్నాం అని. ఈ సంగతి ఇక్కడి డాక్టరుకి చెప్పారా? చెప్పలేదనే నాకు అనిపిస్తోంది. మనవాళ్ళలో చాలామంది చెప్పరు. ఖాయమయ్యాక చూద్దాంలే అనుకుంటారు, లేదా మొహమాటం. మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకు హాని చేసే మందు. గర్భం అనుకునేవాళ్ళు ముందుగానే మానెయ్యాలి. అంటే మీకు ఆ మందు ఒకసారి పడలేదు సరే, ఇప్పుడసలు ఇవ్వకూడదు కూడా. ‘ముందు ఆ మందు వాడి చూడండి’ అనే షరతుని ఇక్కడ స్టెప్ థెరపీ అంటారు. ఆ మెట్టు ఎక్కకూడని వైద్య కారణం ఉన్నవాళ్ళకి మినహాయింపు అడగడానికి దారి ఉంది. మీ ఫైల్లో ఇంతకన్నా బలమైన వాక్యం ఇంకోటి ఉండదు. అది డాక్టర్ నోట్స్‌లో లేకపోతే లేనట్టే. రేపే డాక్టర్ ఆఫీసు వెబ్ పోర్టల్‌లో మెసేజ్ పెట్టండి. పిల్లల ఆలోచన ఉందని తెలిస్తే ఏ ఇంజెక్షన్ మంచిదో కూడా డాక్టర్ మళ్ళీ ఒకసారి ఆలోచిస్తారు, అందుకు కూడా చెప్పి తీరాలి.

ఒకవేళ ఎవరైనా ‘పోనీ, ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగారు కదా, ఆ మూడు నెలలూ మళ్ళీ వాడేస్తే పోలా’ అంటే వినకండి. ఇంట్లోవాళ్ళు అన్నా సరే.

మొదటి అభ్యంతరం సంగతి, అంటే హ్యుమిరా జాబితాలో లేకపోవడం. దీని మీద మాత్రం పోట్లాడవద్దని నా సలహా. హ్యుమిరాలో ఉన్న మందు అడాలిముమాబ్. 2023 జనవరిలో అమ్జెవిటాతో మొదలుపెట్టి అదే మందుకు బయోసిమిలర్లు అమెరికా మార్కెట్లోకి వరసగా వచ్చాయి. హైరిమోజ్, సిల్టెజో అలాంటివే. జీవకణాల్లో తయారయ్యే మందు కాబట్టి జెనరిక్ అనరు గానీ, వైద్యపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదని ఎఫ్‌డీఏ తేల్చాకే వీటికి అనుమతి ఇస్తుంది. అవి చవక కాబట్టి పీబీఎంలు, అంటే ఇన్సూరెన్స్ తరఫున మందుల లెక్క చూసే కంపెనీలు, అటు తిరిగాయి. సీవీఎస్ కేర్‌మార్క్ 2024 ఏప్రిల్ 1 నుంచి తన పెద్ద కమర్షియల్ జాబితాల్లో హ్యుమిరానే తీసేసింది. మీరెలాగూ ఇంకా మొదటి ఇంజెక్షన్ కూడా వేసుకోలేదు. బ్రాండు పేరు పట్టుకుని కూర్చుంటే నెలలు పోతాయి. మీ ప్లాన్ వెబ్‌సైట్‌లో ఫార్ములరీ అని మందుల జాబితా ఉంటుంది, అందులో అడాలిముమాబ్ దగ్గర ఏ పేరుందో చూసి, దానికే ప్రిస్క్రిప్షన్ రాయమనండి. రెండు అభ్యంతరాల్లో ఒకటి ఆ పూటకే తీరిపోతుంది.

ఫారంలో ఇంకో రెండు గడులు చూసుకోండి. ఒకటి జబ్బు కోడ్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అయితే ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ల పట్టీలో ఎం05 తోనో ఎం06 తోనో మొదలవ్వాలి. మొదటి విజిట్‌లో ఇంకా తేలలేదు కాబట్టి కీళ్ళ నొప్పి కోడ్, అంటే ఎం25.5 వేసి, తరవాత మార్చడం మర్చిపోతారు. కీళ్ళ నొప్పికి ఈ మందు ఎవరూ ఇవ్వరు. రెండోది టీబీ పరీక్ష. ఈ రకం ఇంజెక్షన్లు లోపల నిద్రపోతున్న టీబీని లేపగలవు కాబట్టి ముందు ఆ పరీక్ష ఫలితం అడుగుతారు, హెపటైటిస్ బి కూడా. మనకి చిన్నప్పుడు బీసీజీ టీకా వేస్తారు కదా, దాని వల్ల చర్మం మీద చేసే పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించవచ్చు. క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు. మీకు చర్మ పరీక్ష చేసి ఉంటే రక్తపరీక్ష చేయించమని అడగండి. అదీ పాజిటివ్ వస్తే భయపడొద్దు, దానికి మందులున్నాయి. కాకపోతే ఇంజెక్షన్ కొంత ఆలస్యమవుతుంది.

ఇప్పుడు ఎవరు ఏం చెయ్యాలి. అప్పీల్ అనగానే కోర్టులా ఊహించుకుంటారు గానీ, మీ విషయంలో అంత దూరం వెళ్ళకముందే పని అయిపోవచ్చు. డాక్టర్ ఆఫీసులో ప్రయర్ ఆథరైజేషన్ చూసేది ఎవరో వాళ్ళ పేరు కనుక్కోండి. డాక్టర్ కాదు, ఆ మనిషే మీకు ముఖ్యం. ఆమెకి మూడు పేజీలకు మించకుండా పంపండి: పైన ఒక పేజీలో మీ మందుల చరిత్ర తేదీలతో, కింద హైదరాబాద్ ఉత్తరం, ఆ పక్కన ఏఎల్‌టీ రిపోర్టు. కవరంతా స్కాన్ చేసి నలభై పేజీలు పంపారో, ఎవరూ తెరవరు. నేనైతే తెరిచేదాన్ని కాదు, నిజం చెబుతున్నా. మిగతావన్నీ మీ దగ్గర పెట్టుకోండి, అడిగినప్పుడు ఇవ్వచ్చు. ఆమె ఈ వివరాలతో బయోసిమిలర్‌కు కొత్త రిక్వెస్ట్ పంపవచ్చు, స్టెప్ థెరపీ మినహాయింపు కూడా అందులోనే అడగవచ్చు. లేదా డాక్టర్ ఇన్సూరెన్స్ డాక్టరుతో నేరుగా ఫోన్‌లో మాట్లాడవచ్చు, దాన్ని పీర్ టు పీర్ అంటారు. దీనికి గడువు తక్కువగా ఉంటుంది, ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది. పది నిమిషాల ఫోన్ కాల్‌తో తేలిపోయిన కేసులు నాకు తెలుసు. అవతలివైపు డాక్టరుకి కీళ్ళ జబ్బులతో సంబంధమే లేక మావాళ్ళు తల పట్టుకున్నవీ తెలుసు.

ఈ ప్రయత్నాలు జరుగుతుండగానే అప్పీల్ గడియారం తిరుగుతూనే ఉంటుంది, అది మర్చిపోకండి. డినయల్ నోటీసు అందిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఇంటర్నల్ అప్పీల్ పెట్టుకోవచ్చు. ఇంకా తీసుకోని మందు విషయంలో వాళ్ళు 30 రోజుల్లో తేల్చాలి. మొదటిసారి కాదన్న మనిషి గానీ, ఆ మనిషి కింద పనిచేసేవాళ్ళు గానీ ఇది చూడకూడదు. అత్యవసరమైతే 72 గంటలు. అత్యవసరం అంటే ప్రాణం మీదికి రావడం ఒక్కటే కాదు. ఆలస్యమైతే అవయవం మళ్ళీ పూర్తిగా పనిచెయ్యలేని స్థితి వస్తుందన్నా, మరోలా అదుపు చెయ్యలేని తీవ్రమైన నొప్పి అన్నా లెక్కలోకి వస్తుంది. ఈ జబ్బులో కీలు ఒకసారి అరిగితే వెనక్కి రాదు. ఎక్స్‌రేలో అరుగుదల మొదలైనట్టు ఉంటే ‘ఇది అర్జెంట్’ అని డాక్టర్ రాసి సంతకం పెట్టమనండి. ఆ మాట మీరంటే వినరు, ఆయన అంటే వినాలి.

అప్పీల్ చేసేముందు ఇన్సూరెన్స్ వాళ్ళని, వాళ్ళ దగ్గరున్న మీ ఫైలు మొత్తం కాపీ అడగండి. ఏ ప్రమాణం ప్రకారం కాదన్నారో ఆ కాగితంతో సహా. ఉచితంగా ఇవ్వాలి. అడిగేవాళ్ళు తక్కువ గానీ, అది చేతికొస్తే పరీక్ష పేపరు ముందే దొరికినట్టు. ఉత్తరంలో ఆ ప్రశ్నలకే, అదే వరసలో, జవాబులు రాయిస్తే సరిపోతుంది. ‘నా జీవితం నరకంగా ఉంది’ అన్న మాట ఒక్కటి ఉండొచ్చు, పేరాలు వద్దు. దానికన్నా ‘పొద్దున గంటసేపు పిడికిలి ముడవలేదు, ఇన్ని కీళ్ళు వాచి ఉన్నాయి, సీఆర్‌పీ (వాపు తెలిపే రక్తపరీక్ష) ఇంత’ అన్నది నయం.

అక్కడా కాదంటే ఎక్స్‌టర్నల్ రివ్యూ. ఇన్సూరెన్స్‌తో సంబంధం లేని బయటి సంస్థ చూస్తుంది. చివరి డినయల్ వచ్చాక 4 నెలల్లోపు అడగాలి. మామూలుగా 45 రోజులు, అర్జెంట్ అయితే 72 గంటలు. వాళ్ళ తీర్పుకి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టుబడాలి. ఇది 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ వల్ల దాదాపు అందరికీ వచ్చిన హక్కు.

మీరున్నది టెక్సస్‌లో కాబట్టి ఇంకో చిన్న పని. ఇన్సూరెన్స్ కార్డు తీసి ముందూ వెనకా చూడండి. ‘టీడీఐ’ అనో ‘డీఓఐ’ అనో ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయా? ఉంటే మీ ప్లాన్ మీద రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు అధికారం ఉంది. లేకపోతే అది చాలావరకు సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అయి ఉంటుంది. అంటే కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా, డబ్బు పెట్టేది మీవారి కంపెనీయే. పెద్ద కంపెనీలు ఎక్కువగా ఇలాగే చేస్తాయి. రాష్ట్ర చట్టాలు వీటికి వర్తించవు, 1974 నాటి ఈఆర్‌ఐఎస్‌ఏ అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి. తేడా ఎందుకంటే, టెక్సస్‌లో స్టెప్ థెరపీ మినహాయింపు అడిగాక 72 గంటల్లో కాదనకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆటోఇమ్యూన్ జబ్బుల (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడేవి) మందులకు ఏడాదికి ఒక్కసారికి మించి ప్రయర్ ఆథరైజేషన్ అడగకూడదని 2023లో ఇంకో చట్టం చేశారు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఆ కోవలోదే. కార్డు మీద ఆ అక్షరాలుంటే ఇవి రెండూ మీకు పనికొస్తాయి. లేకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని ఈబీఎస్‌ఏ వాళ్ళకి 1-866-444-3272 కి ఫోన్ చెయ్యండి, సలహా ఇస్తారు, డబ్బు అడగరు. సెల్ఫ్ ఫండెడ్‌లో ఒక మేలు కూడా ఉంది: మీవారి హెచ్‌ఆర్ వాళ్ళు తలుచుకుంటే కదలిక వస్తుంది, ఎందుకంటే ప్లాన్ వాళ్ళదే. అక్కడ జబ్బు వివరాలన్నీ చెప్పక్కర్లేదు. ‘మందు అప్రూవల్ ఆగింది, ఎవరితో మాట్లాడాలి’ అంటే చాలు.

మీవారి మాట గురించి. ‘కాదంటే కాదనే’ అని చాలామంది అనుకుంటారు కాబట్టే ఎవరూ అప్పీల్ చెయ్యరు. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ల (జనం సొంతంగా కొనుక్కునేవి) లెక్కలు కేఎఫ్ఎఫ్ అనే సంస్థ తీస్తుంటుంది. కాదన్న క్లెయిముల్లో నూటికి ఒక్కటి కూడా అప్పీల్‌కి వెళ్ళదు. అదే సంస్థ 2022లో మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు తిరస్కరించిన ప్రయర్ ఆథరైజేషన్లను చూస్తే, అప్పీల్‌కి వెళ్ళినవి పదింట ఒకటి. అలా వెళ్ళినవాటిలో 83 శాతం పూర్తిగానో కొంతో పేషెంటు వైపు తిరిగాయి. అవి పెద్దవాళ్ళ ప్లాన్లు, పైగా మందుల షాపు మందుల లెక్క కాదు, కాబట్టి మీకూ అంతే అవకాశం ఉందని నేననను. కానీ ‘టైమ్ వేస్ట్’ అన్న మాట మాత్రం నిలబడదు. ఆయనకి ఒక పని అప్పజెప్పండి: హెచ్‌ఆర్ వాళ్ళని అడగడం. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ మాత్రం మీరే చెయ్యాలి. పాలసీ ఆయన పేరున ఉన్నా, మీ వైద్యం గురించి మీ అనుమతి లేకుండా ఆయనకి చెప్పరు. ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్ ఫారం మీద సంతకం పెడితే ఆయనా మాట్లాడవచ్చు. ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, అవతలి మనిషి పేరు, రిఫరెన్స్ నంబరు రాసుకోండి. రెండోసారి చేసినప్పుడు ‘అలా ఎవరూ చెప్పలేదండీ’ అంటారు, చూడండి.

అమ్మగారి ఇంజెక్షన్ల ఆలోచన ప్రేమే గానీ కుదరదు. మందు ఇండియాలో లేక కాదు. జైడస్ కంపెనీ 2014లోనే ఎగ్జెంప్షియా పేరుతో అడాలిముమాబ్ తెచ్చింది. అయితే అమెరికాలో ఆమోదం లేని మందుని పార్సెల్‌లో తెప్పించుకోవడం మామూలుగా చట్టం ఒప్పుకోదు, కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది. ఆగకపోయినా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇంజెక్షన్ వారం రోజులు గోడౌన్లలో, విమానాల్లో తిరిగి వచ్చాక ఎలా ఉందో పైకి చూసి చెప్పలేం. అది వేసుకుంటే ఇక్కడి డాక్టర్ దగ్గర రికార్డు కూడా ఉండదు. ఫైలు వెతికే పని ఆవిడకి ఇవ్వండి, కాలు నిలవని ఆవిడ చేతికి సరైన పని దొరుకుతుంది.

వీసా విషయం ఒక్క మాటలో తేలుతుంది. ఇది ప్రీమియం కట్టి తీసుకున్న ప్రైవేటు ఇన్సూరెన్స్. పబ్లిక్ చార్జ్ అని భయపెట్టేది ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవాళ్ళ గురించి. మీ అప్పీల్ కాగితాలకీ ఇమిగ్రేషన్‌కీ సంబంధం లేదు.

ఇదే బాధ వేరే రూపంలో రాసిన ఇద్దరికి ఇక్కడే చెప్పేస్తాను. అమ్మానాన్నలకి మెడికేర్ పార్ట్ డి (పెద్దవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో మందుల భాగం) ఉంటే ఆ ప్లాన్ 72 గంటల్లో, అర్జెంట్ అయితే 24 గంటల్లో జవాబివ్వాలి. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్) అయితే 24 గంటల్లో స్పందించాలి, అత్యవసరంలో 72 గంటలకు సరిపడా మందు ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఇంగ్లిష్‌తో ఇబ్బందైతే ఫోన్ ఎత్తగానే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ అనండి, చాలాచోట్ల మూడో లైన్‌లో కలుపుతారు.

అప్రూవల్ వచ్చాక డబ్బు సంగతి. ఇవి పక్క వీధి ఫార్మసీలో ఇవ్వరు, స్పెషాలిటీ ఫార్మసీ నుంచి ఐస్ ప్యాక్ పెట్టెలో ఇంటికి వస్తాయి. వాళ్ళు ఫోన్ చేసి కోపే, అంటే మీరు కట్టాల్సిన వాటా, ఎంతో చెబుతారు, విని గుండె ఆగినంత పనవుతుంది. ఒప్పుకునే ముందు మందు కంపెనీ వెబ్‌సైట్‌లో కోపే కార్డు ఉందేమో చూడండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి చాలా కంపెనీలు ఇస్తాయి, మెడికేర్, మెడికెయిడ్ వాళ్ళకి పనికిరాదు. అప్రూవల్ ఆలస్యమైతే మొదటి డోసులు ఉచితంగా ఇచ్చే పథకాలు కూడా కొన్నిటికి ఉన్నాయి, డాక్టర్ ఆఫీసులో అడగండి. అయితే ఇన్సూరెన్స్ వాళ్ళని ఒక ప్రశ్న అడిగి పెట్టుకోండి: కార్డు కట్టిన డబ్బు మా డిడక్టబుల్‌లో (ప్లాన్ కట్టడం మొదలుపెట్టేముందు మనం కట్టాల్సిన మొత్తంలో) లెక్కేస్తారా? లెక్కెయ్యని ప్లాన్లున్నాయి. అలాంటి చోట కార్డు డబ్బు అయిపోయిన నెలలో మొత్తం భారం ఒక్కసారిగా మీ మీద పడుతుంది.

అప్రూవల్ లెటర్‌లో ముగిసే తేదీ ఉంటుంది, మామూలుగా ఆరు నెలలో ఏడాదో. ఆ తేదీకి ఆరు వారాల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుని డాక్టర్ ఆఫీసుకి గుర్తు చెయ్యండి. అప్పుడు అడిగేది ‘గుణం కనిపించిందా’ అని. కాబట్టి మొదటి ఇంజెక్షన్ వేసుకునే రోజే పొద్దున ఎంతసేపు చేతులు బిగుసుకుపోయాయో, ఏ వేళ్ళు వాచాయో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఒక ఫోటో కూడా తీసి ఉంచండి. మీవారు ఉద్యోగం మారితే కొత్త ఇన్సూరెన్స్ దగ్గర ఇదంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన రోజే కొత్త ప్లాన్ మందుల జాబితా అడగండి. ఈలోపు ఖాళీ వస్తే కోబ్రా అనే చట్టం కింద పాత ఇన్సూరెన్స్‌ని సొంత ఖర్చుతో కొనసాగించుకోవడం ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంటుంది, కవరేజీ ఆగిన రోజు నుంచే అది వర్తిస్తుంది. ప్రీమియం బరువే గానీ, చేతిలో ఉన్న అప్రూవల్ పోకుండా ఒకటి రెండు డోసులు దాటించడానికి పనికొస్తుంది. ఆ మూడు పేజీలు అప్పుడూ అడుగుతారు. ఈసారైనా బీరువాలో కాకుండా ఫోన్‌లో, ఈమెయిల్‌లో కూడా పెట్టుకోండి.